పేరు తెలియని రక్తబంధువు

మాంసం తినే తెలుగు ఇళ్ళలో మూలుగ అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. మూలుగ బొక్కను కంచం అంచుకు తట్టి, నోట పెట్టి పీల్చినవారికి అది ఎముక లోపల మెత్తగా, కొవ్వులా ఉంటుందని తెలుసు. ఆయుర్వేదం దానినే మజ్జ అన్నది. సప్తధాతువులలో అస్థికి తరువాత, శుక్రానికి ముందు, ఆరవదిగా లెక్కించింది. అయితే ఆ మెత్తని పదార్థమే రక్తానికి పుట్టిల్లన్న సంగతి వంటింటికీ తెలియదు, ప్రాచీన వైద్యులకూ తెలియదు. జర్మనీలో నాయ్‌మన్, ఇటలీలో బిట్సోజెరో 1868లో సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పేదాకా ఆ ఊహే ఎవరికీ రాలేదు.

ఒక అపోహను మొదటే తొలగించుకోవడం మంచిది. మజ్జదానం అనగానే చాలామంది తెలుగువారికి మనసులో మెదిలేది వెన్నుపాము. వెన్నులో సూది గుచ్చుతారనీ, కాళ్ళు పడిపోతాయనీ, ఇక జన్మలో బరువులు ఎత్తలేమనీ భయం. వెన్నుపాము నాడీమండలంలోని భాగం; దానికీ మజ్జకూ ఏ సంబంధమూ లేదు. దాత నుండి మజ్జను తీసేది నడుము వెనుక, తుంటి ఎముక పైఅంచు నుండి. పైగా నేడు పరాయివారికి దానం చేసేవారిలో అత్యధికుల ఎముకలను సూది తాకనే తాకదు. మూలకణాలను చేతి రక్తనాళం నుండే సేకరిస్తారు.

ఆరోగ్యవంతుడైన మనిషి మజ్జలో రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలు తయారవుతాయి. తెల్లకణాలు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు వీటికి అదనం. ఈ సంతానమంతటికీ తల్లులు కొద్దిపాటి మూలకణాలు. వాటి వంశం చెడితే ల్యుకేమియా. అవి అంతరిస్తే ఎప్లాస్టిక్ ఎనీమియా. అవి పుట్టుకతోనే తప్పుడు హీమోగ్లోబిన్ తయారుచేస్తే థాలసీమియా, సికిల్ సెల్ వ్యాధి. ఈ చివరి రెండింటి కోసమే హైదరాబాదులో 1998 నుండి ప్రత్యేకంగా ఒక సంఘం పనిచేస్తున్నదంటే తెలుగునాట వాటి భారం ఎంతటిదో ఊహించవచ్చు. ఈ రోగాలలో కొన్నింటికి, కొన్ని దశలలో, మిగిలే వైద్యం ఒకటే: రోగి మజ్జను తీవ్రమైన మందులతో, ఒక్కొక్కప్పుడు రేడియేషన్‌తో నిర్మూలించి, మరొకరి మూలకణాలను ఎక్కించడం. మార్పిడి అన్న మాట విని శస్త్రచికిత్స అనుకుంటారు గాని, రోగి పక్షాన అది రక్తం ఎక్కించుకోవడం కంటే భిన్నంగా కనిపించదు. సంచిలోని కణాలు రక్తనాళంలోకి దిగి, తమ దారి తామే వెతుక్కుంటూ ఎముకలను చేరి, రెండు నుండి నాలుగు వారాలలో కొత్త రక్తాన్ని తయారుచేయడం మొదలుపెడతాయి.

ఎవరి కణాలు ఎవరికి సరిపోతాయన్నదే అసలు చిక్కు. ఇక్కడ రక్తపు గ్రూపు కలవనక్కరలేదు. కలవవలసినవి హెచ్.ఎల్.ఎ. గుర్తులు, ఫ్రెంచి వైద్యుడు ఝాన్ దోసే 1958లో మొదటగా గుర్తించి, 1980లో నోబెల్ అందుకున్నది వీటికే. ఇది నాది, అది పరాయిది అని రోగనిరోధక వ్యవస్థ తేల్చుకునేది ఈ గుర్తుల ఆధారంగానే. గుండె, మూత్రపిండం వంటి అవయవాల మార్పిడిలో రోగి శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరిస్తుందన్న భయం ఉంటుంది. మజ్జ మార్పిడిలో ఆ భయానికి తోడు దానికి తలకిందులైనది మరొకటి ఉన్నది. వచ్చిన కణాలే రక్షకభటులు కనుక, తాము కొత్తగా కాపురమున్న శరీరాన్నే పరాయిదిగా భావించి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద దాడి చేస్తాయి. పోలిక ఎంత దగ్గరైతే ఈ దాడి అంత తగ్గుతుంది.

ఈ గుర్తుల జన్యువులన్నీ ఆరవ క్రోమోజోమ్‌పై ఒకేచోట గుంపుగా ఉండి, తల్లి నుండి ఒక గుత్తి, తండ్రి నుండి ఒక గుత్తిగా సంక్రమిస్తాయి. అందుచేత తోడబుట్టిన ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరు తోబుట్టువులు ఉంటే, వారిలో కనీసం ఒకరు కలిసే అవకాశం 44 శాతం. ఒక్కరో ఇద్దరో పిల్లలున్న నేటి కుటుంబాలలో ఈ లెక్క ఎక్కడ ఆగుతుందో చెప్పనక్కరలేదు. ఇంట్లో దొరకనివారు వీధిలోకి, అంటే ప్రపంచంలోకి, చేయి చాచవలసిందే. ఇప్పటిదాకా గుర్తించిన హెచ్.ఎల్.ఎ. రూపాంతరాలు 40,000కు పైబడ్డాయి.

పరాయివారి మజ్జను ఇవ్వడం ఒక ప్రమాదంతో మొదలైంది. 1958 అక్టోబరులో బెల్‌గ్రేడ్ సమీపంలోని వించా అణు పరిశోధనాలయంలో రియాక్టర్ అదుపు తప్పి ఆరుగురు రేడియేషన్‌కు గురయ్యారు. వారిని పారిస్ తరలించగా, వైద్యుడు ఝార్ఝ్ మాతే వారిలో ఐదుగురికి ఫ్రెంచి దాతల మజ్జను ఎక్కించాడు. ఒకరు మరణించారు, తక్కినవారు బతికారు. ఆ మజ్జ శాశ్వతంగా నాటుకోలేదు; ప్రాణాలు నిలిపింది అదేనా, లేక సొంత మజ్జే కోలుకున్నదా అన్నది తరువాతి కాలంలో వాదోపవాదాలకు లోనైంది. వాదం ఎటు తేలినా, భాష కూడా తెలియని పరాయి దేశస్థుల కోసం ఆ ఫ్రెంచివారు బోర్లా పడుకుని ఎముకల్లోకి సూదులు గుచ్చనిచ్చిన మాట నిజం. అంతకు ఏడాది ముందే అమెరికాలో డానల్ తామస్ మానవులలో మజ్జ ఎక్కించిన తొలి ప్రయత్నాలను ప్రచురించాడు. ఆ కృషికి 1990లో ఆయనకు నోబెల్ దక్కింది.

దాతల జాబితా అన్న ఆలోచన ఒక తల్లి పట్టుదల వల్ల రూపుదిద్దుకున్నది. లండన్‌లో షర్లీ నోలన్ తన కొడుకు ఆంథొనీ కోసం 1974లో ప్రపంచంలోనే మొదటి దాతల నమోదు సంస్థను స్థాపించింది. ఆ పిల్లవాడికి దాత దొరకలేదు; 1979లో, ఏడేళ్ళ వయసులో మరణించాడు. అదే సంవత్సరం అమెరికాలోని సియాటిల్‌లో ల్యుకేమియా సోకిన పదేళ్ళ లారా గ్రేవ్స్‌కు బంధుత్వం లేని దాత మజ్జ సరిపోయింది. ఆ దాత అదే పరిశోధన కేంద్రంలోని ఉద్యోగి కావడం యాదృచ్ఛికం. రెండేళ్ళలో వ్యాధి తిరగబెట్టి ఆ పిల్లా దక్కలేదు గాని, ఆమె తండ్రి మరికొందరితో కలిసి చేసిన కృషి ఫలితమే 1980ల చివరలో ఏర్పడిన అమెరికా జాతీయ దాతల పట్టిక. నేడు ప్రపంచవ్యాప్తంగా నమోదైన పేర్లు నాలుగు కోట్లు దాటాయి.

నాలుగు కోట్లలో మనవారు ఎందరన్నది వేరే ప్రశ్న. అమెరికా పట్టికపై 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం పూర్తిగా సరిపోలే దాత అందే అవకాశం ఐరోపా మూలాలున్న తెల్లవారికి 75 శాతం, దక్షిణాసియా వారికి 33 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లకు 19 శాతం. ఈ అంకెలలో ఒక సూక్ష్మం ఉన్నది. అవి కాగితం మీద పోలిక కలవడాన్ని మాత్రమే లెక్కించలేదు. పిలిస్తే పలికే దాతను లెక్కించాయి. ఈ తేడా దగ్గరకు మళ్ళీ రావలసి ఉంటుంది.

దక్షిణాసియా అని ఒక ముద్ర వేసేస్తే సరిపోదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2009లోనూ 2017లోనూ ప్రచురించిన జన్యు పరిశోధనలు ఉపఖండంలోని కులాలు ఎన్ని తరాలుగా తమలో తామే వివాహాలు చేసుకుంటూ వచ్చాయో చూపాయి. అందులో తెలుగునాటి వైశ్యులది ప్రముఖంగా చెప్పే ఉదాహరణ. ఇలా గిరి గీసుకున్న సమూహాలలో కొన్ని హెచ్.ఎల్.ఎ. గుత్తులు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. పంజాబీ దాతలు వేలమంది ఉన్నా తెలుగు రోగికి పెద్దగా ఉపకరించకపోవచ్చు. అతని దాత గుంటూరులోనో, కరీంనగర్‌లోనో, అక్కడినుండి వచ్చి న్యూజెర్సీలో స్థిరపడిన ఇంట్లోనో ఉండే అవకాశమే ఎక్కువ. మేనరికాల వల్ల మరొక విశేషం కూడా ఉన్నది. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైతే ఇద్దరిలోనూ ఒకే గుత్తి ఉండవచ్చు. అప్పుడు తండ్రో, మేనమామో, పినతల్లి బిడ్డో పూర్తిగా సరిపోలడం అసాధ్యమేమీ కాదు. మేనరికాన్ని తప్పుపట్టడానికి వైద్యుల దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. ఈ ఒక్కచోట మాత్రం అది అక్కరకు వస్తుంది.

పేరు నమోదు చేసుకోవడం చాలా తేలిక. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి, కవరులో పెట్టి పంపితే చాలు. అమెరికా పట్టికలో 18 నుండి 40 ఏళ్ళవారు, బ్రిటన్‌లోని ఆంథొనీ నోలన్ పట్టికలో 16 నుండి 30 ఏళ్ళవారు చేరవచ్చు. 61వ పుట్టినరోజు వరకు పేరు ఉంటుంది. వయసుకు పరిమితి పెట్టినది నిర్దయతో కాదు, యువకుల కణాలు అందుకున్న రోగులు మెరుగ్గా బతుకుతున్నారని తేలడం వల్ల. ఆ తరువాత చాలామందికి జీవితాంతం కబురే రాదు. కొందరికి పదేళ్ళ తరువాత, పేరిచ్చిన సంగతే మరచిపోయాక వస్తుంది. ప్రవాసులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పట్టికలు దేశాలవారీగా నడుస్తాయి. అమెరికాలో నమోదై హైదరాబాదుకో సింగపూరుకో తరలిపోయినవారు పాత పట్టికకు ఆ సంగతి తెలిపి, కొత్త దేశంలో మళ్ళీ చేరాలి. ఫోను నంబరు మారడం వల్ల దొరకకుండా పోయే దాతలు తక్కువమంది కారు.

కబురు వచ్చాక మళ్ళీ రక్తపరీక్షలు, పోలికను నిర్ధారించే పరీక్ష, పూర్తి వైద్యపరీక్ష జరుగుతాయి. రోగి వయసు, స్త్రీయా పురుషుడా, వ్యాధి ఏమిటి అన్నంతవరకే దాతకు చెబుతారు. ఏ పద్ధతి కావాలో రోగి వైద్యులు అడుగుతారు. ఒప్పుకోవడం దాత ఇష్టం.

రక్తం నుండి సేకరించే పద్ధతిలో దాతకు వరుసగా ఐదు రోజులపాటు ఫిల్‌గ్రాస్టిమ్ అనే మందును చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఎముకల గూళ్ళకు అతుక్కుని ఉండే మూలకణాల పట్టును అది సడలిస్తుంది. అవి వీధిన పడ్డట్టు రక్తంలోకి వస్తాయి. రెండోరోజుకో మూడోరోజుకో నడుము, తొడలు, రొమ్ము ఎముక లాగినట్టు నొప్పి మొదలవుతుంది. తలనొప్పి, ఒళ్ళు వెచ్చబడినట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం కూడా మామూలే. నెలరోజుల పాటు తుమ్మినా మూలిగే జ్వరంతో పోలిస్తే ఇది తక్కువ. అయినా నొప్పే ఉండదని దాతకు చెప్పడం మోసం. పారాసిటమాల్‌తో చాలావరకు తగ్గుతుంది, మందు ఆపిన రెండు మూడు రోజుల్లో పోతుంది. ప్లీహం పగలడం వంటి తీవ్ర ప్రమాదాలు ఉన్నాయి గాని అత్యంత అరుదు.

ఐదోరోజున కుర్చీలో నాలుగు నుండి ఎనిమిది గంటలు కూర్చోవాలి. ఒక చేతి నుండి రక్తం యంత్రంలోకి పోయి, మూలకణాల పొర విడిపోయి, తక్కినదంతా రెండో చేతిలోకి తిరిగి వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ఒంట్లోని కాల్షియాన్ని పట్టేయడం వల్ల పెదవుల చుట్టూ, వేళ్ళ చివర్ల తిమ్మిరిగా ఉంటుంది, కాల్షియం ఇస్తారు. సూది ఉన్న చేయి వంచకూడదు కనుక ముక్కు దురద పెడితే పక్కవారే దిక్కు. చేతి నాళాలు సన్నగా ఉన్నవారికి, ముఖ్యంగా కొందరు స్త్రీలకు, మెడ దగ్గరో తొడ దగ్గరో పెద్ద నాళంలో గొట్టం వేయవలసి వస్తుంది. రోగి శరీరపు బరువులో కిలోకు కనీసం 20 లక్షలు, వీలైతే 40 లక్షలకు పైగా మూలకణాలు కావాలి. చాలకపోతే మరుసటి రోజు మళ్ళీ కూర్చోవాలి.

తుంటి ఎముక నుండి తీసే పద్ధతిలో మత్తుమందు ఇచ్చి, ఒకటి రెండు గంటలలో లీటరు వరకు, ఒక్కొక్కప్పుడు కొంచెం ఎక్కువ, రక్తంతో కలిసిన మజ్జను సూదులతో లాగుతారు. మెలకువ వచ్చాక గట్టిగా జారిపడ్డట్టు నడుము నొప్పి. కొన్ని రోజులు మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది, కొన్ని వారాలు నీరసం. తీసిన మజ్జ నాలుగు నుండి ఆరు వారాలలో తిరిగి పూడుతుంది. అమెరికా పట్టికలోని దాతలను పరిశీలించి 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తీవ్ర దుష్ఫలితాలు ఎముక మజ్జ ఇచ్చిన 2,726 మందిలో 2.38 శాతం, రక్తం ద్వారా ఇచ్చిన 6,768 మందిలో 0.56 శాతం. దాతలకు క్యాన్సర్ ముప్పు పెరిగిన జాడ లేదు. మరి పాత పద్ధతిని ఇంకా ఎందుకు అడుగుతారంటే, రోగికి అందులో ఒక మేలు ఉన్నది. 2012లో వెలువడిన ఒక పెద్ద పోలిక అధ్యయనంలో బతికినవారి శాతం రెండు పద్ధతులలోనూ సమానమే. రక్తం ద్వారా కణాలు పొందినవారిలో దీర్ఘకాలపు దాడి 53 శాతం, మజ్జ పొందినవారిలో 41 శాతం. నాటుకోకపోవడం మాత్రం మజ్జలోనే ఎక్కువ, 3 శాతానికి బదులు 9. దాత మరికాస్త బాధ పడితే గ్రహీత ఏళ్ళ తరబడి పడే బాధ తగ్గవచ్చునన్నమాట.

దాతకు ఖర్చు ఏమీ ఉండదు. ప్రయాణం, బస, అమెరికాలోనైతే పోయిన జీతం కూడా పట్టిక సంస్థ భరిస్తుంది. కణాల సంచిని చల్లని పెట్టెలో పెట్టుకుని ఒక మనిషి విమానమెక్కుతాడు. విమానాశ్రయంలో దానిని ఎక్స్‌రే యంత్రంలోకి పోనివ్వడు. మూడు రోజులలోపు అది రోగి మంచం దగ్గర ఉండాలి.

ఆ మంచం దగ్గర అప్పటికే ఏమి జరిగిందన్నది ప్రతి దాతకూ తెలిసి ఉండవలసిన సంగతి. కణాలు రావడానికి వారం ముందు నుండే రోగి మజ్జను చంపే మందులు మొదలవుతాయి. అవి మొదలైన తరువాత వెనక్కి మార్గం లేదు. ఆ వారంలో దాత మనసు మార్చుకుంటే, వేరే దాత వెంటనే దొరకకపోతే, రోగి రక్తం లేకుండా, రక్షణ లేకుండా మిగిలిపోతాడు, చాలావరకు మరణిస్తాడు. అందుకే ఆ మందులు మొదలుపెట్టే ముందు దాత సమ్మతిని మరొకసారి రాతపూర్వకంగా తీసుకుంటారు. ఆ సంతకానికి చట్టబలం లేదు. ఏ క్షణంలోనైనా కాదనే హక్కు దాతది.

ఆ హక్కును నిలబెట్టిన తీర్పు పిట్స్‌బర్గ్‌లో 1978లో వచ్చింది. ఎప్లాస్టిక్ ఎనీమియా సోకిన రాబర్ట్ మెక్‌ఫాల్‌కు అతని దగ్గరి బంధువు డేవిడ్ షింప్ మజ్జ సరిపోయేట్టు తొలి పరీక్షలో తేలింది. షింప్ తరువాతి పరీక్షకు రానన్నాడు. మెక్‌ఫాల్ కోర్టుకెక్కాడు. న్యాయమూర్తి జాన్ ఫ్లాహర్టీ ఆ నిరాకరణను నైతికంగా సమర్థించలేమని ఘాటుగా అన్నాడు; అయినా ఒకరి శరీరంలోకి చొరబడమని చట్టం ఆజ్ఞాపిస్తే స్వేచ్ఛకు అర్థముండదని అర్జీని కొట్టివేశాడు. సుమారు రెండు వారాలకు మెక్‌ఫాల్ మరణించాడు. ఆ తీర్పు సరైనదేననడంలో సందేహం లేదు. కాని బలవంతం చేయలేని చోటనే మాటకు విలువ ఎక్కువ. పిలుపు వచ్చినప్పుడు వెళ్ళే ఉద్దేశం లేనివారు పేరు ఇవ్వకపోవడమే మేలు. పట్టికలో లేని పేరు రోగికి నష్టం చేయదు. ఉండి పలకని పేరు అతని వారాలను తినేస్తుంది.

దక్షిణాసియా సమూహానికి ఈ అనుభవం దగ్గరగా ఎదురైంది. 2007లో కాలిఫోర్నియాకు చెందిన సమీర్ భాటియా, వినయ్ చక్రవర్తి అనే ఇద్దరు యువకుల కోసం మిత్రులు చేపట్టిన ఉద్యమంలో 11 వారాలలో 24,611 మంది దక్షిణాసియా వారు నమోదయ్యారు. గుళ్ళలో, కంపెనీల భోజనశాలల్లో, పెళ్ళిళ్ళలో కూడా దూదిపుల్లలు పంచారు. ఇద్దరికీ దాతలు దొరికారు, మార్పిడులూ జరిగాయి. వ్యాధి తిరగబెట్టి 2008లో ఇద్దరూ మరణించారు. అలా చేరినవారిలో ఏడాది తిరిగేసరికి ఇతర రోగులతో 266 పోలికలు కలిశాయని లెక్క తేలింది. పోలిక కలవడం వేరు, కుర్చీలో కూర్చోవడం వేరు. ఆవేశంలో, స్నేహితుడి మాట మీద పేరిచ్చినవారు, ముక్కూ మొహం తెలియని మరో రోగి కోసం పిలుపు వచ్చినప్పుడు తడబడతారు. అమెరికా పట్టికలో పిలిచినప్పుడు అందుబాటులో ఉండే తెల్లజాతి దాతలే ఇంచుమించు సగం. ఇతర సమూహాలలో అంతకన్నా తక్కువ. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గేలెన్ స్విట్జర్ బృందం దీనిని ఏళ్ళ తరబడి పరిశీలించి, తప్పుకునేవారిలో ప్రధానంగా కనిపించేది సూది భయం ఒక్కటే కాదని, మొదటి నుండీ ఉన్న ఊగిసలాట, వైద్యవ్యవస్థ మీద అపనమ్మకం, ఇంటివారి అభ్యంతరం అని చూపింది.

చివరిది మనకు కొత్త కాదు. ‘‘రేపు పెళ్ళి కావలసిన పిల్ల, నడుములో సూదులేమిటి?’’ అనే తల్లి, ‘‘ఎవరికో ఎందుకురా, మనవాళ్ళకైతే సరే’’ అనే పెద్దనాన్న దుర్మార్గులు కారు. వారికి ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే. కబురు వచ్చిన నాటి రాత్రి ఫోనులో భారతదేశానికి చెప్పి ఒప్పించడం కష్టం. పేరు ఇచ్చిననాడే, రోగి ఎవరూ ఎదుట లేని తీరిక వేళ, ఈ వివరాలు ఇంట్లో మాట్లాడుకున్నవారు నిలబడతారు. పిల్లలు పుట్టే శక్తికి దీనివల్ల ముప్పు లేదని, గర్భవతులను ఎలాగూ పిలవరని అప్పుడే చెప్పవచ్చు.

పూర్తి పోలికే ఏకైక మార్గమన్న రోజులు పోతున్నాయని చెప్పకపోతే ఈ కథనం అసమగ్రం. 1988లో పారిస్‌లో బొడ్డుతాడు రక్తంతో తొలి మార్పిడి జరిగింది. ఆ తరువాత జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు, మార్పిడి అయిన మూడు నాలుగు రోజులకు సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి, సగం మాత్రమే కలిసే తల్లి, తండ్రి, సంతానం కూడా దాతలు కాగల పద్ధతిని అభివృద్ధి చేశారు. భారతదేశంలో ఇది ఎందరికో ఆశ. అంతమాత్రాన పట్టికల అవసరం తీరలేదు. అవే మందులు పరాయి దాతలో ఒకటి రెండు గుర్తుల తేడాను కూడా సహించనిస్తున్నాయి కనుక, ఒకప్పుడు పనికిరాదన్న పేరుకు ఇప్పుడు పిలుపు రావచ్చు.

కణాలు నాటుకున్నాక రోగి రక్తపు గ్రూపు దాత గ్రూపుగా మారుతుంది. దాత పురుషుడైతే, స్త్రీ అయిన రోగి రక్తకణాలలో వై క్రోమోజోమ్ కనిపిస్తుంది. చిన్ననాటి టీకాలన్నీ పసిబిడ్డకు వేసినట్టు మళ్ళీ వేయాలి. ఇంత దగ్గరి బంధుత్వం కలిసిన ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. అమెరికాలో ఏడాది, బ్రిటన్‌లో రెండేళ్ళు గడిచాక ఇద్దరూ ఒప్పుకుంటే పరిచయం చేస్తారు; కొన్ని దేశాలలో ఎప్పటికీ చేయరు. ఈలోగా ఉత్తరాలు రాసుకోవచ్చు గాని, ఊరు, పేరు, ఆసుపత్రి గుర్తుపట్టగల ప్రతి మాటనూ మధ్యవర్తులు కొట్టివేసి పంపుతారు. కొందరు గ్రహీతలు ఏమీ రాయరు. ఇంకా బతుకుతామో లేదో తెలియక రాయలేనివారు వారిలో చాలామంది. కొన్నిసార్లు దాతకు వచ్చే కబురు మరణవార్తే. మరికొన్నిసార్లు మళ్ళీ పిలుపు: వ్యాధి తిరగబెడుతున్నది, ఈసారి లింఫోసైట్లు కావాలి, రాగలరా అని. అందుకే దానం చేసిన తరువాత కొంతకాలం ఆ దాత పేరును ఇతర రోగులకు చూపరు. ఆ ఒక్కరి కోసమే విడిగా ఉంచుతారు.